ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు తోడ్పడే సొసైటీలో ఖాళీ అయిన కార్యవర్గ స్థానాలు నింపడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తెలంగాణలో ఒక రిజిస్టర్డ్ సొసైటీ ఉంది. ప్రభుత్వ ఆర్కైవ్స్‌లోని పాత దస్త్రాల మరమ్మతుకు, స్కానింగుకు విరాళాలు సేకరించడం దాని పని. కార్యవర్గంలో తొమ్మిది స్థానాలు. ఒకరు చనిపోయారు, ఒకరు రాజీనామా ఇచ్చారు, ఇంకొకరు ఏడాదిన్నరగా మీటింగులకు రావడం లేదు. మిగిలిన ఆరుగురిలో ఇద్దరు అమెరికాలో పిల్లల దగ్గర ఉన్నారు. ఆర్కైవ్స్ డైరెక్టర్ గారిని, పాతిక లక్షలు ఇస్తానంటున్న ఒక ప్రవాస దాతను, ఒక రిటైర్డ్ ఐఏఎస్ అధికారిని తీసుకోవాలనుకుంటున్నారు. పద్ధతి ఏమిటి, ఎక్కడ జాగ్రత్త పడాలి?

మీ దగ్గర మూడు పేర్లు ఉన్నాయి గానీ, ఆ ముగ్గురూ ఏ పని చేయాలో ఎక్కడా లేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. దానికంటే ముందు లెక్క సరిచూద్దాం, ఎందుకంటే మీకున్న ఖాళీలు మూడు కావు, రెండే.

మీటింగులకు రాని సభ్యుడి స్థానం దానంతటదే ఖాళీ కాదు. మీ బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో, ‘వరుసగా మూడు సమావేశాలకు కారణం చెప్పకుండా రాకపోతే సభ్యత్వం రద్దు’ లాంటి నిబంధన ఉందేమో చూడండి. ఉన్నా సరే, ఆయనకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, జవాబుకు గడువిచ్చి, ఆ తర్వాత తీర్మానం చేస్తేనే స్థానం ఖాళీ అయినట్టు. నిబంధన లేకపోతే ఆయన్ని అడిగి రాజీనామా తీసుకోవడమే మార్గం. రాజీనామా ఇచ్చినాయన సంగతి కూడా చూడండి: ఉత్తరం ఉందా, దాని మీద తేదీ ఉందా, దాన్ని ఆమోదించినట్టు మినిట్స్‌లో ఉందా? ఫోన్లో ‘నన్ను వదిలేయండి’ అన్న మాట రాజీనామా కిందికి రాదు. రెండేళ్ల తర్వాత ఏదో తగాదా వచ్చి ఆయన ‘నేను ఇప్పటికీ సభ్యుణ్ణే’ అంటే మీ దగ్గర చూపించడానికి కాగితం ఉండదు.

ఇప్పుడు కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు. పదవిలో ఉన్నవారు ఏడుగురు, ఊళ్లో ఉన్నవారు నలుగురు. బైలాస్‌లో ‘కార్యవర్గ సభ్యుల్లో సగం’ అని ఉంటే ఏడులో సగం, అంటే నలుగురితో గట్టెక్కుతారు. ‘మొత్తం స్థానాల్లో సగం’ అని ఉంటే తొమ్మిదిలో సగం, అంటే ఐదుగురు కావాలి, మీకు చాలదు. ఒక్క మాట తేడాతో మీ నియామకాలు నిలబడతాయో చెల్లకుండా పోతాయో తేలిపోతుంది. అమెరికాలో ఉన్నవారిని వీడియోలో కూర్చోబెట్టి కోరంలో లెక్కేసుకోవచ్చా అంటే, బైలాస్ అందుకు అనుమతిస్తేనే. చాలా సొసైటీల బైలాస్ జూమ్ పుట్టకముందు రాసినవి, ఆ ఊసే ఉండదు. అలాంటప్పుడు వీడియో హాజరీ మీద ఆధారపడి నియామకాలు చేయవద్దు. నేరుగా సర్వసభ్య సమావేశం పిలవండి. వాట్సాప్ గ్రూపులో ‘ఓకే’లు లెక్కపెట్టి సభ్యుణ్ణి వేసుకోవడం గురించి చెప్పాల్సింది ఏమీ లేదు. అది చెల్లదు.

బైలాస్ అన్నాను కదా, అసలు కాగితం తీయండి. ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉన్న వర్డ్ ఫైలు కాదు, రిజిస్ట్రార్ దగ్గర దాఖలై ముద్ర పడిన ప్రతి కావాలి. రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. మీ సొసైటీ పాతదైతే సర్టిఫికెట్ మీద 1350 ఫసలీ (నిజాం కాలపు సంవత్సరాల లెక్క) చట్టం అని ఉండవచ్చు. కంగారు పడకండి, 2001 చట్టం దాన్ని రద్దు చేసి ఆ సొసైటీలను తన కిందికి తెచ్చుకుంది. బైలాస్‌లో చూడాల్సినవి: ఖాళీని కార్యవర్గమే భర్తీ చేసుకోవచ్చా, సర్వసభ్య సమావేశం ఎన్నుకోవాలా, కో-ఆప్ట్ అయినవారికి, అంటే కార్యవర్గమే చేర్చుకున్నవారికి, ఓటు ఉందా, వారి కాలం మిగిలిన పదవీకాలం వరకా, వచ్చే వార్షిక సమావేశం వరకేనా, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, చందా బాకీ ఉన్నవారికి ఓటు ఉందా. ఈ చివరిది మర్చిపోయే సొసైటీలే ఎక్కువ. ఓటర్ల జాబితా ముందే ఖరారు చేసి, బాకీలు కట్టడానికి ఆఖరు తేదీ ప్రకటించండి. ఆ పని చేయకపోతే ఓడినవారు మొట్టమొదట పట్టుకునేది దాన్నే.

ఇక ఎవరిని వేయాలన్న మాటకొద్దాం. ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు మీ సొసైటీ రాబోయే మూడేళ్లలో చేయబోయే పనులు రాయండి. కుడివైపు ప్రస్తుత సభ్యుల్లో ఆ పని తెలిసినవారి పేరు రాయండి. పేరు పడని గీతలే మీ ఖాళీలు. ఆర్కైవ్స్ సొసైటీల్లో సాధారణంగా ఖాళీగా మిగిలేవి ఇవి: కాగితం సంరక్షణ తెలిసినవారు, లిపి చదవగలిగినవారు, లెక్కలు చూసేవారు, డిజిటల్ ఫైళ్ల నిల్వ తెలిసినవారు.

సంరక్షకుడు ఎందుకో చెబుతాను. పెళుసుబారిన కాగితాన్ని అసిటేట్ ఫిల్ముతో అతికించే లామినేషన్ ఒకప్పుడు మన దేశంలో విరివిగా చేశారు. ఆ ఫిల్ము కాలక్రమంలో తానే చెడిపోయి కాగితాన్ని కూడా పాడుచేస్తుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు పలుచటి జపనీస్ టిష్యూ, పిండి జిగురుతో చేసే మరమ్మతునే ఎంచుకుంటారు, ఎందుకంటే అవసరమైతే దాన్ని విప్పవచ్చు. ఈ సంగతి తెలిసినవారు ఒక్కరైనా కార్యవర్గంలో లేకపోతే, తక్కువ కొటేషన్ ఇచ్చినవాడికి లామినేషన్ కాంట్రాక్టు రాసిచ్చేస్తారు. స్కానింగు కూడా అంతే. విడి కాగితాలను వేగంగా లాగే ఫీడర్ స్కానరులో నూరేళ్ల నాటి కాగితం పెడితే అంచులు చిరిగి బయటికొస్తుంది. దానికి పైనుంచి ఫొటో తీసే స్కానరు కావాలి. పేజీకి ఇంత అని రేటు చూసే కోశాధికారికి ఈ తేడా కనిపించదు.

లిపి సంగతి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల దక్కన్ పాలన నాటి దస్త్రాలు, అసఫ్‌జాహీల కాలపు దస్త్రాలు ఎక్కువగా ఫారసీలో, గొలుసుకట్టు షికస్తా రాతలో ఉంటాయి. తర్వాతి కాలానివి ఉర్దూలో, మరాఠీ ప్రాంతాలవి మోడీ అనే పాత మరాఠీ లిపిలో ఉంటాయి. ఏ మూటను ముందు బాగుచేయాలో తేల్చాలంటే అందులో ఏముందో చదవగలిగినవాళ్లు ఒకరుండాలి. ఆంధ్ర జిల్లాల మీద పనిచేసే సొసైటీ అయితే అవసరం వేరు. ఈస్టిండియా కంపెనీ కాలపు రికార్డుల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, అంటే 1909లో ఏర్పడిన పాత మద్రాసు రికార్డ్ ఆఫీసులో ఉన్నాయి. అక్కడ పని నడిపించగలిగినవారు ఒకరు కావాలి.

ఇక మీరు చెప్పిన ముగ్గురు.

డైరెక్టర్ గారు. ఆయన్ని వ్యక్తిగా, పేరుతో ఎన్నుకోవద్దు. రేపు బదిలీ అయితే కొత్త డైరెక్టర్ బయట, పాత డైరెక్టర్ లోపల ఉంటారు. బైలాస్‌లో ‘డైరెక్టర్ పదవిలో ఉన్నవారు, ఎక్స్ అఫిషియో’, అంటే పదవి వల్లే సభ్యులు, అని ఉండాలి. ఓటు లేకుండా, కోరం లెక్కలో చేరకుండా ఉంటే ఇంకా మంచిది. కోరం మాట ఎందుకంటే, పని ఒత్తిడిలో ఉండే అధికారి నాలుగు మీటింగుల్లో మూడింటికి రాలేరు, ఆయన గైర్హాజరీ ప్రతిసారీ మీ కోరాన్ని తినేస్తుంది. ఓటు వద్దనడానికి కారణం వేరే ఉంది: సొసైటీ డబ్బు వెళ్లేది ఆయన ఆఫీసుకే. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒక్కరే అయితే ఆడిటర్ ఊరుకోడు, దాతలూ ఊరుకోరు. ఆయన సర్వీసులో ఉన్న ఉద్యోగి కాబట్టి ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోమనండి. విరాళాల రసీదు మీద, విజ్ఞప్తి కరపత్రం మీద ఆయన పేరు వేయకండి. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా చందాల వసూలులో పాలుపంచుకోవడం ప్రవర్తనా నియమాల దగ్గర ఇబ్బంది తెస్తుంది. ఇప్పుడు బైలాస్‌లో ఎక్స్ అఫిషియో ఊసే లేకపోతే, సవరణ జరిగేదాకా ఆయన్ని ‘ఆహ్వానితులు’గా పిలవండి. దానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు.

దాత. పాతిక లక్షలకు బదులుగా సీటు అనే బేరం పెట్టుకోవద్దు. ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసుడు తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చేది) మీద ఉన్నవారైతే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి కూడా ముట్టుకోకూడదు. తెలుగువాడు, మన ఊరివాడు, తెలుగులోనే మాట్లాడతాడు అన్నది చట్టానికి పట్టదు. కార్యవర్గంలో విదేశీ పౌరులుంటే ఎఫ్‌సీఆర్‌ఏ దరఖాస్తు సమయంలో అదనపు ప్రశ్నలకు సిద్ధపడాలి. ఇంకో కోణం కూడా ఉంది. పెద్ద దాతకో, కార్యవర్గ సభ్యుడికో, వారి బంధువులకో సొసైటీ డబ్బుతో అనుచిత లాభం చేరితే పన్ను మినహాయింపుకే ఎసరు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో దీన్ని 13(1)(సి) అనేవారు. దాత బావమరిది బిల్డింగును మార్కెట్ రేటుకు మించిన అద్దెకు తీసుకోవడం దీనికి చక్కని ఉదాహరణ. ఆయన గౌరవానికి లోటు రాకుండా ఒక సలహా మండలి పెట్టండి. ఓటు ఉండదు, ఏడాదికి ఒకసారి సమావేశం, దస్త్రాల గది సందర్శన. నిజంగా రికార్డుల మీద ప్రేమ ఉన్న దాత దీనికి సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆయన కోరుకుంటున్నది ఏమిటో మీకే తెలిసిపోతుంది.

రిటైర్డ్ ఐఏఎస్ గారికి అభ్యంతరం లేదు, ఒక్క షరతు మీద: ఆయన ఫైలు కదిలించడానికి వస్తున్నారా, అధ్యక్షత వహించడానికి వస్తున్నారా? సెక్రటేరియట్‌లో అనుమతి ఏ సెక్షన్‌లో ఆగిందో కనుక్కోగలిగిన మనిషి మీకు బంగారం. జ్యోతి ప్రజ్వలన చేసి వెళ్లిపోయేవారైతే సలహా మండలి ఉండనే ఉంది.

ఆర్కైవ్స్ సొసైటీలకే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. వేరే స్వచ్ఛంద సంస్థల నమూనా ఫారాలు తెచ్చుకుని నింపితే ఇది తప్పించుకుపోతుంది. మీరు కాపాడుతున్న కాగితాలకు బయట ధర ఉంది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి గానీ ముంతఖబ్‌లు (నిజాం సర్కారు ఇచ్చిన ఇనాం హక్కు పత్రాలు), ఇనాం విచారణ ఫైళ్లు ఈరోజుకీ హైదరాబాదు చుట్టుపక్కల కోట్ల రూపాయల భూమి కేసుల్లో సాక్ష్యాలు. అందుకని ప్రతి అభ్యర్థినీ ఈ నాలుగూ సూటిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి: మీకో, మీ కుటుంబానికో, మీ క్లయింట్లకో పాత రికార్డుల మీద ఆధారపడిన భూమి కేసు ఉందా? ఫర్మానాలు (రాజాజ్ఞలు), పాత స్టాంపు కాగితాలు, తాళపత్రాలు సేకరిస్తారా, అమ్ముతారా? స్కానింగు, సాఫ్ట్‌వేరు, మరమ్మతు కాంట్రాక్టు చేసే సంస్థలో వాటా ఉందా? ఈ దస్త్రాల మీద పుస్తకమో థీసిసో రాస్తున్నారా?

‘ఉంది’ అన్నంత మాత్రాన తలుపు మూసేయక్కర్లేదు. పరిశోధకుడైతే అందరికీ ఉన్న రీడింగ్ రూము నియమాలే తనకూ వర్తిస్తాయని సంతకం పెడితే చాలు. సేకర్త తన సేకరణ జాబితా ఇచ్చి, పదవిలో ఉన్నంతకాలం ఈ ఆర్కైవ్స్‌కు సంబంధించిన కాలపు రికార్డులు కొనకుండా ఉంటే ఫరవాలేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న రాతప్రతి, రికార్డు డెబ్బై అయిదేళ్లు దాటితే పురావస్తువే, లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయకూడదు అన్న సంగతి కూడా ఆయనకు చెప్పండి. కాంట్రాక్టరు, నడుస్తున్న భూమి కేసులున్న లాయరు మాత్రం వద్దు. వారు ఎంత మంచివారైనా సరే. ఒక ఫైల్లో ఒక పేజీ కనిపించకపోయిన రోజు, తప్పు చేయని మనిషి కూడా అనుమానంలో ఇరుక్కుంటాడు.

పేర్లు వెతకడానికి ముగ్గురితో ఒక చిన్న కమిటీ వేయండి, ఒకరు కార్యవర్గం బయటివారై ఉండాలి. ఒక్కో ఖాళీకి కనీసం ఇద్దరు అభ్యర్థులు. ఒక్కొక్కరితో ముప్పావు గంట మాట్లాడితే చాలు. ఆ ముప్పావు గంటలో మీ గొప్పలు చెప్పకండి. గత రెండేళ్ల ఆడిట్ అయిన లెక్కలు చేతికిచ్చి ‘ఏమనిపిస్తోంది?’ అని అడగండి. ‘మరమ్మతుకని ఇచ్చిన విరాళం జీతాలకు ఎందుకు వాడారు?’ అని అడిగినవారిని వెంటనే పట్టుకోండి. ‘అంతా బాగుంది’ అని కాగితం తిప్పకుండా పక్కన పెట్టినవారు మీ దగ్గర చెక్కు మీద కూడా అలాగే సంతకం పెడతారు. నెలకు ఎంత సమయం పడుతుందో దాచకుండా చెప్పండి: ఏడాదికి నాలుగు మీటింగులు, ఒక్కోదానికి ముందు రెండు గంటల చదువు, నెలకు ఒక పూట పని.

మొత్తానికి పన్నెండు వారాలు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు బైలాస్, సభ్యుల జాబితా, బాకీలు. తర్వాతి ఆరు వారాలు అభ్యర్థులతో మాటలు, పత్రాలు. తొమ్మిదో వారంలో నోటీసు. పన్నెండో వారంలో సమావేశం. నోటీసు గడువు బైలాస్‌లో 21 రోజులని ఉంటే పంపిన రోజును, సమావేశం రోజును వదిలేసి 21 లెక్కపెట్టండి, గొడవ ఉండదు. నోటీసులోనే అభ్యర్థుల పేర్లు, ఒక్కొక్కరి గురించి నాలుగు వాక్యాలు, వారి ప్రయోజనాల ప్రకటన సారాంశం ఉండాలి. ‘కార్యవర్గ ఖాళీల భర్తీ’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, రానివారు ‘మాకు తెలియదు’ అంటారు. పంపినట్టు రుజువు కూడా ఉంచుకోండి: పోస్టు రసీదులు, ఈమెయిల్ జాబితా.

ఒక్కొక్కరికి విడివిడిగా తీర్మానం పెట్టండి, గంపగుత్తగా వద్దు. ఒకరి మీద అభ్యంతరం వస్తే మిగిలినవారి నియామకం కూడా ఇరుక్కుంటుంది. మినిట్స్‌లో ఇలా ఉంటే సరిపోతుంది:

‘తీర్మానం 4: శ్రీ/శ్రీమతి ఫలానా వారి మరణంతో ఖాళీ అయిన స్థానంలో ఫలానా వారిని, బైలాస్ ఫలానా నిబంధన కింద, ఆ స్థానానికి మిగిలిన పదవీకాలం వరకు, అనగా ఫలానా తేదీ వరకు, కార్యవర్గ సభ్యులుగా ఎన్నుకోవడమైనది. సమ్మతి పత్రం, ప్రయోజనాల ప్రకటన సభ ముందు ఉంచబడినవి. ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, అనుకూలం, వ్యతిరేకం, తటస్థం.’

ఇందులో అందరూ మర్చిపోయేది ముగింపు తేదీ. అది లేకపోతే మిగిలిన కాలానికని వచ్చినవారు పదేళ్లు ఉండిపోతారు. హాజరైనవారి సంతకాలు ఆ రోజే, సభ ముగియకముందే తీసుకోండి. ఇళ్లకు పుస్తకం పంపించి సంతకాలు చేయించుకోవడం వల్లనే పాత తేదీలు వేశారన్న ఆరోపణలు పుడతాయి.

దాఖలు పని ఆ వారంలోనే కానివ్వండి. జిల్లా రిజిస్ట్రారే సొసైటీల రిజిస్ట్రార్ కాబట్టి కొత్త కార్యవర్గ జాబితా, తీర్మానం నకలు, రాజీనామా ప్రతి, మరణ ధ్రువీకరణ పత్రం ఆ ఆఫీసుకు వెళ్లాలి. వార్షిక జాబితాతో పాటు ఇద్దాంలే అని ఆగకండి. ఒక విషయం గుర్తుంచుకోండి: జాబితా దాఖలైనంత మాత్రాన ఎన్నిక సక్రమమని ముద్ర పడినట్టు కాదు. రెండు వర్గాలు రెండు జాబితాలు పట్టుకెళ్తే ఏది అసలుదో తేల్చడం రిజిస్ట్రార్ పని కాదు. 2001 చట్టం 23వ సెక్షన్ కింద ఆర్బిట్రేషన్‌కో (మధ్యవర్తి తీర్పుకో) జిల్లా కోర్టుకో వెళ్లాల్సిందే. అప్పుడు మిమ్మల్ని కాపాడేవి పైన చెప్పిన నోటీసు రసీదులూ మినిట్సే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉంటే, కార్యవర్గ మార్పు తెలిపే ఎఫ్‌సీ-6ఈ ఫారం 45 రోజుల్లో. తర్వాత ఆదాయపు పన్ను పోర్టల్‌లో ముఖ్యుల వివరాలు, స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్, బ్యాంకు. బ్యాంకు దగ్గర ఆలస్యం చేయకండి. రాజీనామా చేసినవారి సంతకం చెల్లుతూనే ఉంటే, ఆయనకు ఆ ఉద్దేశం లేకపోయినా, జవాబుదారీ మీదే. ఒకవేళ మీది సొసైటీ కాక, కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేకుండా నడిచే సెక్షన్ 8 కంపెనీ అయితే దారి వేరు: డీఐఆర్-2 ఫారంలో సమ్మతి, డీఐఎన్ (డైరెక్టరు గుర్తింపు సంఖ్య), నియామకం జరిగిన 30 రోజుల్లో డీఐఆర్-12 ఫారం.

కొత్త సభ్యుడు చేరిన నెలలోపు దస్త్రాల గదికి తీసుకెళ్లండి. మూట విప్పడం, పురుగు తిన్న అంచు, నెమ్ము మచ్చ, తుప్పు పట్టిన గుండుసూది చుట్టూ గోధుమరంగు వలయం కళ్లతో చూస్తే, బడ్జెట్‌లో స్టీలు అలమారాలకంటే ముందు కప్పు కారడం ఎందుకు ఆపాలో వాదించక్కర్లేదు. అక్కడే ఒక సంగతి కూడా స్పష్టంగా చెప్పండి: రికార్డులు ప్రభుత్వానివి, సొసైటీవి కావు. ఏ పేజీ బయటికి వెళ్లాలన్నా, ఏ స్కాన్ ఎక్కడ పెట్టాలన్నా అది ఆర్కైవ్స్‌తో ఉన్న ఒప్పందం ప్రకారమే. స్కాన్ల హార్డ్ డిస్కు కార్యదర్శి ఇంట్లో ఉండకూడదు. సొసైటీ కొనిచ్చిన ప్రతి వస్తువుకూ ఆర్కైవ్స్ నుంచి స్వీకార పత్రం, స్టాకు రిజిస్టరులో నమోదు నంబరు తీసుకోండి. ఆ నంబరు లేని స్కానరు మూడేళ్ల తర్వాత ఎవరిదీ కాకుండా మూల పడి ఉంటుంది, రిపేరు ఖర్చుకు కూడా దిక్కుండదు.

మూడో స్థానం సంగతి మిగిలింది, ఆ రాని సభ్యుడు. నోటీసు పంపేముందు ఎవరైనా ఒకరు ఇంటికి వెళ్లి కలవండి. ఒంట్లో బాగోకో, ఏదో మాట పడి అలిగో ఆగిపోయి ఉండవచ్చు. పాత సభ్యుల దగ్గర సొసైటీ మొదటి మినిట్స్ పుస్తకాలు, ఒప్పందం అసలు ప్రతి లాంటివి ఉండిపోతుంటాయి. రాజీనామా ఉత్తరంతో పాటు అవి కూడా జాబితా రాసుకుని తెచ్చుకోండి.